పాఠకుల ప్రశ్నలు: పెర్సీ పిగ్ శాకాహారమేనా?

ప్రశ్న: లండన్‌లో ఉంటున్న మా అమ్మాయి వచ్చినప్పుడల్లా పిల్లలకు పంది ముఖం ఆకారంలో ఉండే గులాబీ రంగు జెల్లీ మిఠాయిలు తెస్తుంది. మేము మాంసాహారం ముట్టని వాళ్లం. వీటిలో పంది కొవ్వు ఉంటుందని కొందరు, లేదని కొందరు అంటున్నారు. ఏది నమ్మాలి? ఇదే పేరుతో వచ్చే మిగతా తినుబండారాల సంగతేమిటి?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు అడుగుతున్నది మార్క్స్ అండ్ స్పెన్సర్ దుకాణాలు 1992 నుంచి అమ్ముతున్న పెర్సీ పిగ్ గురించి. ఇందులో కొవ్వు ఎన్నడూ సమస్య కాదు, అసలు సమస్య జెలటిన్. పంది చర్మాన్నీ ఎముకలనూ ఉడికించి తీసే ఈ పదార్థమే చాలా ఏళ్లపాటు ఆ మిఠాయికి సాగే గుణాన్ని ఇచ్చింది. ఆ రోజుల్లో శాకాహారుల కోసం ఆకుపచ్చ చెవులున్న పెర్సీని విడిగా అమ్మేవారు. 2019లో సంస్థ ఈ మిఠాయిల నుంచి జెలటిన్‌ను పూర్తిగా తొలగించింది కనుక, ఇప్పుడు మీ ఇంటికి వస్తున్నవి మీరు నిశ్చింతగా తినదగినవే. ఉండదన్నవారు ఇప్పటి సంగతి చెబుతున్నారు, ఉంటుందన్నవారు పాత సంగతి చెబుతున్నారు.

జెలటిన్ మన ఒంటి వేడికే కరుగుతుంది కాబట్టి నోట్లో వేసుకోగానే సాగుతూ కరిగిపోతుంది. నిమ్మజాతి పండ్ల తొక్కల నుంచో ఆపిల్ పిప్పి నుంచో తీసే పెక్టిన్‌తో చేసిన జెల్లీ అలా సాగదు, పంటి కింద తెగుతుంది. పాత రుచికి అలవాటుపడినవారు 2019 మార్పుపై అసంతృప్తి చెందడానికి ఈ తేడాయే కారణం. మన ఎండలకు మాత్రం పెక్టిన్ జెల్లీయే నయం, ఎందుకంటే సూట్‌కేసులో సులభంగా కరిగి ముద్దకట్టదు.

ఈ పంది పేరుతో పుల్లటి చక్కెర అద్దిన ఫిజ్జీ పిగ్ టెయిల్స్, కేకులు, ఐస్‌క్రీములు, చివరికి పిల్లల రాత్రి దుస్తులు కూడా వచ్చాయి. 2021 క్రిస్మస్ ప్రకటనలో నటుడు టామ్ హాలండ్ పెర్సీకి గొంతు అరువిచ్చారు. తినే రకాలు కొనేటప్పుడు ప్రతి పొట్లం వెనుక వైపు విడిగా చదవండి, ఎందుకంటే మన దేశంలోని ఆకుపచ్చ చుక్క అక్కడ ఉండదు, శాకాహారులకు అనువైనదన్న మాట అక్షరాల్లోనే రాస్తారు. తేనెమైనం కూడా వద్దనుకునేవారు పై మెరుపు కోసం ఏం వాడారో చూసుకోవాలి.

శాకాహారమైనంత మాత్రాన పిల్లలకు మంచిదని అనుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. పండ్ల రసంతో చేసినదన్న మాట పొట్లం మీద కనబడినా, అందులో ప్రధానంగా ఉన్నవి గ్లూకోజ్ సిరప్, చక్కెరే. ఇంగ్లండ్ ఆహార విధానంపై 2020లో నివేదిక ఇచ్చిన హెన్రీ డింబుల్‌బీ ఇదే మిఠాయిని ఉదాహరణగా చూపి విమర్శించారు.

ప్రశ్న: పెర్సీ పిగ్ బ్రిటన్‌ది కాదు, జర్మనీది అంటున్నారు. నిజమా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పేరు, దుకాణం బ్రిటన్‌వే, తయారీ మాత్రం జర్మనీలో. అందుకే 2021 జనవరిలో, ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ వైదొలగిన బ్రెగ్జిట్ ఒప్పందం అమలైన కొద్ది రోజులకే, జర్మనీ నుంచి బ్రిటన్‌కు వచ్చిన పెర్సీని ఏ మార్పూ చేయకుండా మళ్లీ, జర్మనీలాగే ఆ సమాఖ్యలో ఉన్న ఐర్లండ్‌కు పంపితే సుంకం పడుతుందని సంస్థ అప్పటి అధిపతి స్టీవ్ రో వివరించారు. సుంకం లేని వ్యాపారం బ్రిటన్‌లోనో ఐరోపా సమాఖ్యలోనో తయారైన సరుకుకే వర్తించినా, ఒక వైపు నుంచి వచ్చి ఊరికే తిరిగి వెళ్లే సరుకు ఆ మినహాయింపును కోల్పోతుంది.