థైమస్‌కు పెప్టైడ్లు అందిస్తే టి కణాలు పెరుగుతాయా?

మీరు అడిగింది ఇది: ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిలో, రోగనిరోధక వ్యవస్థకు చెందిన టి కణాలు ఎదగడానికి చిన్న పెప్టైడ్లు (అమైనో ఆమ్లాల గొలుసులు) తప్పనిసరి కదా, మరి వాటిని బయటినుంచి అందిస్తే ఆ కణాలు ఎక్కువగా తయారవుతాయా? లేదు. చాలాసార్లు తగ్గుతాయి. పరిశోధక విద్యార్థినిగా ఎలుక పిండాల థైమస్‌ను ప్రయోగశాలలో పెంచుతూ నాలుగేళ్లు గడిపాను. మీకు వచ్చిన ఆలోచనే నాకూ వచ్చింది. అది తప్పని తెలియడానికి ముందు ఒక వారం పాటు గెలిచాననే అనుకున్నాను కూడా.

థైమస్‌లో పెప్టైడ్ టి కణానికి ఆహారం కాదు. గ్రంథి వెలుపలి భాగంలోని ఎపిథీలియల్ కణాలు తమ ప్రోటీన్ల ముక్కలను కణం ఉపరితలం మీద ఉండే ఎమ్‌హెచ్‌సి అనే అణువుల్లో ఇమిడ్చి చూపిస్తాయి. మొదటి తరగతి ఎమ్‌హెచ్‌సిలో సాధారణంగా 8 నుంచి 10 అమైనో ఆమ్లాల ముక్కే పడుతుంది. లేత టి కణం తన గ్రాహకంతో దాన్ని తడిమి చూస్తుంది. అసలు పట్టు దొరకకపోతే కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది. మరీ గట్టిగా పట్టుకుంటే రేపు సొంత శరీరం మీదే తిరగబడే ప్రమాదం ఉంది కనుక చాలామటుకు అప్పుడూ చావే. అక్షరాలా పట్టీ పట్టనట్టు తగిలినవే బతుకుతాయి. ఈ వడపోత దాటేవి నూటికి అయిదారు కూడా ఉండవు.

నేను వాడిన ఎలుకల్లో టి కణాలన్నిటికీ దాదాపు ఒకటే గ్రాహకం. కోడిగుడ్డు తెల్లసొనలోని ఓవాల్బుమిన్ ప్రోటీన్‌లో 257 నుంచి 264 వరకు ఉన్న 8 అమైనో ఆమ్లాల ముక్కను ఆ గ్రాహకం గట్టిగా పట్టుకుంటుంది. అందులో నాలుగోదైన ఆస్పరజిన్‌ను తీసేసి ఆర్జినిన్ పెడితే పట్టు సడలుతుంది. అసలు పెప్టైడ్ లేత కణాలను తుడిచిపెడుతుందని, ఈ సడలిన రకం మాత్రం వాటిని పెంచుతుందని హాగ్‌క్విస్ట్, బెవన్ తదితర పరిశోధకులు 1994లోనే చూపించారు. ఒక్క అమైనో ఆమ్లం తేడాతో చావు బతుకుగా మారింది.

నేను చేసిన ప్రయోగంలో సడలిన రకం వేసిన పాత్రలో సిడి8 కణాల (ఎదిగిన టి కణాల్లో ఒక రకం) శాతం ఊహించినదానికన్నా ఎక్కువ వచ్చింది. సంబరపడి అందరికీ చూపించాను. మా ప్రయోగశాలలోని ఒక సీనియర్ గ్రాఫ్ చూసి, ‘మొత్తం కణాలెన్ని?’ అని మాత్రం అడిగింది. లెక్క తీస్తే పదో వంతు కూడా మిగల్లేదు. సిడి4, సిడి8 అనే గుర్తు ప్రోటీన్లు రెండూ ఉన్న లేత కణాలు మూకుమ్మడిగా చచ్చిపోవడంతో, మిగిలిన గుప్పెడు కణాల శాతం దానంతట అదే పెరిగింది. ఇంతకీ జరిగిందేమిటంటే, పేర్లు ట్యూబుల మూతల మీద మాత్రమే రాసుకున్నాను, మూతలు తారుమారయ్యాయి. నేను వేసింది అసలు పెప్టైడ్! సిగ్గుతో రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు కానీ, మొత్తం నాలుగేళ్లలో నాకు అన్నిటికన్నా బాగా అర్థమైన ప్రయోగం అదే.

మోతాదు సంగతీ ఇలాంటిదే. పమేలా ఒహాషీ బృందం 1994లోనే ఒక వైరస్ పెప్టైడ్‌తో ప్రయోగం చేసింది. తక్కువ మోతాదులో కణాలు ఎదిగాయి, అదే పెప్టైడ్ మోతాదు పెంచితే నశించాయి.

ఇదంతా పాత్రలో. ఇక శరీరంలోకి నేరుగా ఎక్కిస్తే? 1990లో మర్ఫీ తదితరులు ఒకే గ్రాహకం ఉన్న ఎలుకలకు దానికి సరిపడే పెప్టైడ్‌ను ఎక్కించి చూశారు. థైమస్‌లోని లేత కణాలు పెద్ద ఎత్తున చనిపోయాయి. మామూలు జంతువులో పరిస్థితి వేరు, అక్కడ గ్రాహకాలు లక్షల రకాలు. ఏ ఒక్క పెప్టైడూ వాటిలో అతి కొద్దిభాగానికి తప్ప తగలదు. పైగా థైమస్ తన ముక్కలను తానే కోసుకుంటుంది. దానికోసం ప్రోటియాసోమ్ అనే, ప్రోటీన్లను కోసే ప్రత్యేకమైన కణయంత్రం ఉందని 2007లో మురాటా బృందం కనుగొంది. అందులోని బీటా5టి భాగం లేని ఎలుకల్లో సిడి8 కణాలు బాగా తగ్గిపోయాయి.

అమ్మకపు ప్రకటనల్లో కనిపించే ‘థైమస్ పెప్టైడ్లు’ పూర్తిగా వేరే జాతి. 28 అమైనో ఆమ్లాల థైమోసిన్ ఆల్ఫా 1, జింకు ఉంటేనే పనిచేసే 9 అమైనో ఆమ్లాల థైములిన్, అయిదింటితో సరిపెట్టుకునే థైమోపెంటిన్ ఈ కోవలోవి. ఇవి హార్మోన్ల తరహావి, పైన చెప్పిన వడపోతతో వీటికి నేరుగా సంబంధం లేదు. థైమోసిన్ ఆల్ఫా 1ను కొన్ని దేశాల్లో హెపటైటిస్ బికి మందుగా అనుమతించారు. అది వాడితే వయసుతో కుంచించుకుపోయిన థైమస్ మళ్లీ పెరుగుతుందని ఆ అనుమతికి అర్థం కాదు. ఆ రెండింటినీ కలిపి చెప్పే ప్రకటనలను నేనైతే నమ్మను.

మీరు స్వయంగా ప్రయోగం చేసే ఉద్దేశంలో ఉంటే శాతాలతో పాటు మొత్తం కణాల సంఖ్య కూడా ప్రతిసారీ రాసుకోండి. ట్యూబు పేరు మాత్రం పక్కన రాయండి, మూత మీద వద్దు.