కుమార పర్వతం ఒక్క రోజులో ఎక్కి దిగొచ్చా?

ప్రశ్న: డిసెంబరులో ఆశ్లేష బలి పూజ చేయించుకోవడానికి కుటుంబమంతా కర్ణాటకలోని కుక్కే సుబ్రహ్మణ్య వెళ్తున్నాం. మా అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం. పూజ అయిన మర్నాడు "కుమార పర్వతం పక్కనే ఉంది నాన్నా, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దాం" అంటున్నాడు. నాకు 52 ఏళ్లు. బీపీ, షుగర్ లేవు, ఏటా తిరుమల నడిచే ఎక్కుతాను. ఆ కొండ ఎక్కానని మీరు ఎప్పుడో ఇదే పేజీలో రాసినట్టు గుర్తు. వాడితో వెళ్లమంటారా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రాశాను, నిజమే. "ఒక్క రోజులో ఎక్కి దిగాం" అని ఒక్క ముక్కలో గొప్పగా రాసేసి ఊరుకున్నాను, ఆ రోజు ఎలా దిగామో మాత్రం రాయలేదు. మీరు అడిగారు కాబట్టి ఇప్పుడు చెప్పేస్తాను.

2009 డిసెంబరు. నలుగురం, అందరికీ ముప్ఫై దాటాయి, అందరివీ కుర్చీ ఉద్యోగాలే. బెంగళూరులో రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి కుక్కేలో దిగాం. దిగగానే బయల్దేరాల్సింది పోయి, స్నానాలు, దర్శనం, ఇడ్లీలు, మళ్లీ ఒకడికి కాఫీ, ఇంకొకడికి టోపీ కొనాలి... మొత్తం మీద కొండ దారి పట్టేసరికి తొమ్మిదిన్నర అయింది. ఆ తర్వాత ఆ రోజు పడ్డ పాట్లన్నిటికీ మూలం అదే. పొద్దున పోగొట్టుకున్న ఆ మూడు గంటలూ రాత్రి చీకట్లో కట్టాం.

మొదట అంతా దట్టమైన అడవి. నీడే, కానీ దారి నిండా చెట్ల వేళ్లు, వదులు రాళ్లు, ఒక్క చోటైనా చదునుండదు. భీమన కల్లు (కన్నడంలో కల్లు అంటే రాయి) అని ఒక పెద్ద బండ వస్తుంది, అక్కడికే చొక్కాలు పిండుకునేలా తడిసిపోయాయి. అడవి దాటి గిరిగద్దె చేరితే అక్కడ భట్టర మనె, అంటే భట్టుగారి ఇల్లు. కొండ మీద ఉన్న ఆ ఒక్క ఇంట్లోనే అప్పట్లో వచ్చేపోయేవాళ్లకి అన్నం పెట్టేవారు. వేడన్నం, సాంబారు, మజ్జిగ. పెళ్లి భోజనాల్లో కూడా నేను అంత తినలేదు, అదీ పొరపాటే, ఎందుకంటే అక్కడ దారి సగం కూడా అవ్వలేదు, అసలు ఎక్కుడు ఆ తర్వాతే మొదలు.

అటవీ శాఖ చెక్‌పోస్టులో డబ్బు కట్టి దాటాక చెట్టు అన్నది లేదు. నడుం ఎత్తు గడ్డి, నెత్తిన ఎండ, కళ్లెదుట ఒకదాని వెనక ఒకటి గుట్టలు. నాలుగు రాతి స్తంభాల కల్లు మంటపం దగ్గర కాసేపు నీడ దొరికింది. అక్కణ్నుంచి పైకి చూస్తే ఒక శిఖరం కనపడుతుంది. అదే కొస అనుకుని పళ్ల బిగువున ఎక్కేసి, ఫొటోలు దిగి, ఇళ్లకి ఫోన్లు చేద్దామని సిగ్నల్ కోసం చేతులు పైకెత్తి తిరుగుతుంటే అక్కడ కూర్చున్న మంగళూరు కుర్రాడొకడు నవ్వి, ఇది శేష పర్వతం, కుమార పర్వతం అదిగో అని వేలు చూపించాడు. చూస్తే మధ్యలో ఒక లోయ, అందులో అడవి, దాని అవతల ఇంకా ఎత్తుగా ఇంకో కొండ. అంటే ఇంత కష్టపడి ఎక్కింది కొంత దిగి, మళ్లీ ఎక్కాలి. నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, చూసుకుంటే ఎవడో ఒకడు "పోదాం పద వెనక్కి" అనేస్తాడని భయం.

ఎవడైనా అని ఉంటే బాగుండేది. అప్పటికే మూడు దాటింది.

ఆ అడవి దాటాక ఒక నున్నటి బండ వాలు, దాని మీద సన్నగా నీళ్లు కారుతున్నాయి. చేతులూ కాళ్లూ ఆనించి, పగుళ్లలో వేళ్లు దూర్చి పాక్కుంటూ ఎక్కాం. పైన చిన్న రాతి గుడి, చుట్టూ మంచు తెర, ఏమీ కనపళ్లేదు. 1,712 మీటర్ల ఎత్తున పది నిమిషాలు కూర్చున్నామేమో. కుమారధార నది పుట్టేది ఈ కొండల్లోనే, తారకాసురుణ్ని చంపాక కుమారస్వామి తన ఆయుధం కడుక్కున్నది ఆ నీళ్లలోనే అని స్థలపురాణం. అవన్నీ తర్వాత చదువుకున్నవి, ఆ పూట మా టెన్షన్ అంతా చీకటి పడకుండా చెక్‌పోస్టు చేరడం గురించే.

దిగడం గురించి ఎవరూ చెప్పరు సార్. ఎక్కేటప్పుడు ఊపిరి అందదు, ఆగితే సర్దుకుంటుంది. దిగేటప్పుడు ఊపిరికేం ఇబ్బంది ఉండదు, మోకాళ్లు వినవు. ఆ తడి బండ మీద కూర్చుని జారుతూ దిగితే ప్యాంటు చిరిగింది. గడ్డి కొండల్లోనే మాలో ఒకడికి కుడి మోకాలు మడత పడటం మానేసింది, కర్రలాగా చాపుకునే దిగాడు పాపం, పక్కకి తిరిగి, ఒక్కో రాయికీ ఒక్కో దండం పెడుతూ. నాకు బూట్లు సరిగ్గా సైజువే, అంటే నడకలో బొటనవేలికి ముందు ఖాళీ లేదు. అడుగడుక్కీ గోరు వెళ్లి బూటు ముందు భాగానికి కొట్టుకోవడమే. గిరిగద్దె దగ్గర విప్పి చూస్తే మేజోడు తడిగా ఉంది, చెమట అనుకున్నా, రక్తం. రెండు గోళ్లూ నల్లబడి నెల తర్వాత ఊడిపోయాయి.

చివరి అడవి దారంతా చీకట్లోనే. నలుగురికీ కలిపి ఒక్క టార్చి, మిగతావి ఆ రోజుల నాటి చిన్న ఫోన్లు, వాటి వెలుగు అరచేతికి కూడా ఆనదు. ముందువాడు "వేరుంది", "రాయుంది" అని అరవడం, వెనకవాళ్లు తడుముకోవడం. కింద రోడ్డు మీద కాలు పెట్టేసరికి రాత్రి పది దాటింది. తల ప్రాణం తోకకొచ్చింది. మర్నాడు కుమారధారలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే లేవడానికి ఇద్దరు చేతులు పట్టుకోవాల్సి వచ్చింది.

ఇక మీ సంగతి. తిరుమలతో లెక్క వేసుకోకండి. అలిపిరి దారి 3,550 మెట్లు, పైన దర్శనం అయ్యాక దిగడానికి బస్సుంది. ఇక్కడ రానూపోనూ పాతిక కిలోమీటర్ల పైమాటే, ఎక్కే ఎత్తు పదిహేను వందల మీటర్ల పైనే, అంటే తిరుమలకి రెండింతలు, మెట్లు లేవు, బస్సు అసలే లేదు. అయినా వెళ్లొద్దని అనను. ఆరింటికల్లా అడవిలో ఉండండి, గిరిగద్దె వరకూ అని మాత్రమే అనుకుని బయల్దేరండి. అక్కడికి తేలిగ్గా చేరితే మంటపం దాకా పోయి చూడండి. మధ్యాహ్నం పన్నెండుకి ఎక్కడుంటే అక్కణ్నుంచే వెనక్కి తిరగాలి, శిఖరం పది నిమిషాల్లో ఉందని ఎవరు చెప్పినా సరే. ఈ మాట మీ అబ్బాయితో కుక్కేలోనే ఒప్పించుకోండి, పైన ఒప్పుకోడు. వాడికి శిఖరం చూడాలనే ఉంటే సోమవారపేట వైపు నుంచి దూరం తక్కువ, ఇంకోసారి స్నేహితులతో పోతాడు.

అప్పట్లాగా చెక్‌పోస్టులో డబ్బు కట్టి పోవడం అనుకోకండి. అటవీ శాఖ ఆన్‌లైన్‌లో అనుమతి ఇస్తోందా, దారి తెరిచే ఉందా అన్నది టికెట్లు కొనేముందే చూసుకోండి. వానల్లోనూ, కార్చిచ్చు భయం ఉన్న ఎండల్లోనూ మూసేస్తుంటారు. మనిషికో టార్చి, మూడు లీటర్ల నీళ్లు, ఒక సైజు పెద్ద బూట్లు. ముందు రోజు కాలిగోళ్లు కత్తిరించుకోండి, నవ్వకండి, ఇది నిజంగానే చెబుతున్నాను.

ప్రశ్న: అదే కొండ మీద జలగలు పట్టుకుంటాయంటారు. లాగేస్తే పళ్లు లోపలే ఉండిపోతాయా?
- ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: వానాకాలంలోనూ, వానలు వెనకబట్టిన కొన్నాళ్ల వరకూ ఉంటాయి. మేం వెళ్లిన డిసెంబరులో ఒక్కటే కనపడింది, అదీ టోపీ కొనుక్కున్నవాడి మెడ మీద. గుంజేయకండి, గోటితో పక్క నుంచి మెల్లగా తోస్తే వదిలేస్తుంది. వదిలాక కూడా రక్తం చాలాసేపు కారుతుంది, గడ్డకట్టకుండా అది ఒక పదార్థం వదులుతుంది కాబట్టి. కంగారు పడకుండా కడిగి గుడ్డతో నొక్కి పట్టుకుంటే చాలు. మావాడు మాత్రం ఇంటికెళ్లేదాకా మెడ తడుముకుంటూనే ఉన్నాడు.