గుమ్మాలు, కిటికీలు, కొమ్మలు ఫ్రేమ్‌గా పెట్టి ఇంట్లోవాళ్ళ ఫొటోలు తీయడం: నా అనుభవం

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఇంట్లోవాళ్ళ ఫొటోలు ఫోన్‌లో వేలకొద్దీ ఉన్నాయి, అన్నీ ఒకేలా అనిపిస్తున్నాయి, గుమ్మాలూ కిటికీలూ చెట్ల కొమ్మలూ ఫ్రేమ్‌లా వాడుకోమని ఎవరో చెప్పారు, తీరా తీస్తే బాల్కనీలో కూర్చున్న నాన్నగారు నల్లగా, వెనక ఆకాశం తెల్లగా వచ్చింది. కెమెరా కొనాలా అని కూడా అడిగారు. అక్కర్లేదండీ. నా వృత్తి వేరు, ఇది సరదా, పదేళ్ళుగా ఎక్కువగా ఫోన్‌తోనే తీస్తున్నాను. తప్పులు బోలెడు చేశాను కాబట్టి అక్కడినుంచే చెబుతాను.

ముందు ఆ నల్లగా రావడం సంగతి. గదిలో నిలబడి గుమ్మంలోంచి బయటికి తీస్తున్నప్పుడు బయటి వెలుతురు గదిలోదాని కంటే వందల రెట్లు ఎక్కువ ఉంటుంది. మన కన్ను ఎటు చూస్తే అటు సర్దుకుంటుంది కాబట్టి ఆ తేడా మనకి పట్టదు. కెమెరాకి ఆ వెసులుబాటు తక్కువ, ఏదో ఒకవైపు మొగ్గుతుంది. స్క్రీన్ మీద ముఖం ఉన్నచోట వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ (అంటే ఫొటోకి ఎంత వెలుగు అందాలన్నది) రెండూ లాక్ అవుతాయి, పక్కనే చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని పైకి జరిపితే ముఖం తేలుతుంది. బయట కాస్త తెల్లగా మాడిపోతే పోనివ్వండి, మీకు కావలసింది మనిషి. ముఖం కాకుండా నల్లటి ఆకారమే కావాలనుకుంటే గుర్తును కిందికి జరపండి, అప్పుడు హెచ్‌డీఆర్ (వెలుగునీ నీడనీ ఫోనే సర్దే సెట్టింగ్) ఆపే వీలుంటే ఆపేయండి, లేకపోతే ఫోన్ తన తెలివి చూపించి నీడలన్నీ బూడిదరంగులోకి లాగి ఫొటోని చప్పగా చేస్తుంది.

నేను ఎక్కువగా చేసేది మాత్రం దీనికి తిరగేసి. నేను బయట ఉంటాను, మనిషిని లోపల ఉంచుతాను. గుమ్మానికి ఒక అడుగు లోపల నిలబడితే బయటి వెలుగు మెత్తగా ముఖం మీద పడుతుంది, వెనక గది చీకటిలో కలిసిపోతుంది, కుర్చీమీద గుట్టగా పడున్న బట్టలు, గోడకి వేలాడే ఛార్జర్ వైర్లు, ఏవీ కనబడవు. డబ్బు పోసి లైట్లు కొన్నా ఇంత మంచి వెలుగు రావడం కష్టం. ఎండ నేరుగా గుమ్మంలో పడే వేళ మాత్రం వద్దు, అందరూ కళ్ళు చికిలించుకుని ఉంటారు.

ఇక అసలు ఫ్రేమ్ ఎందుకు అన్నది. ఇది నాకు మా నానమ్మ పోయాక అర్థమైంది. ఆవిడవి నేను తీసిన ఫొటోలు దాదాపు అన్నీ క్లోజప్పులే, పోర్ట్రెయిట్ మోడ్‌లో వెనకంతా మసక చేసి, ముడతలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా. అప్పట్లో చాలా గర్వపడ్డాను. తర్వాత ఆ ఇల్లు అమ్మేశాం, కొన్నవాళ్ళు పడగొట్టేశారు. ఒకరోజు అందరం కూర్చుని ఫొటోలు చూస్తుంటే ఆ క్లోజప్పులు ఒకదాని తర్వాత ఒకటి చకచకా దాటిపోయాయి గానీ, తీసేద్దామనుకుని బద్ధకంతో వదిలేసిన ఒక ఫొటో దగ్గర అందరూ ఆగిపోయారు. వసారాలోంచి తీసింది. సగం తెరిచిన తలుపు, దాని అవతల గది, గది చివర కిటికీ, కిటికీ వెలుగులో నానమ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది. ముఖం సగమే కనబడుతుంది. ఎడమవైపు కర్టెన్ అడ్డొచ్చింది. తమ్ముడు ఆవిడని కాసేపు చూసి, తర్వాత తలుపు గడియ మీద వేలు పెట్టి "ఇది తీసేటప్పుడు ఎంత చప్పుడు చేసేదో గుర్తుందా" అన్నాడు. అంతే, అరగంట మాటలు. ఆ క్లోజప్పుల్లో నానమ్మ ఉంది, కానీ ఎక్కడ ఉందో లేదు. చిన్నప్పటి నుంచి మేం వసారాలో నిలబడి ఆవిడని ఎలా చూసేవాళ్ళమో ఆ తలుపు వల్ల ఈ ఒక్క ఫొటోలో మిగిలింది.

అన్నట్టు, ఫొటోగ్రఫీ మొదలైందే ఇంటి కిటికీ దగ్గర. ఇప్పటికీ మిగిలున్న వాటిలో కెమెరాతో తీసిన అతి పాత ఫొటో ఫ్రాన్స్‌లో నియెప్స్ అనే ప్రయోగకర్త 1826లోనో 1827లోనో తన ఇంటి మేడ మీది కిటికీలోంచి తీసింది. ఇంగ్లండ్‌లో టాల్బట్ అనే ఇంకో ప్రయోగకర్త 1835 ఆగస్టులో ఇంకా తమాషా పని చేశాడు, గదిలోపల నుంచి తన ఇంటి కిటికీనే ఫొటో తీశాడు. మిగిలున్న నెగెటివ్‌లలో (వెలుగూ నీడా తారుమారుగా ఉండే ఫొటోల్లో) అదే అతి పాతది, తపాలా బిళ్ళంత ఉంటుంది. తీసిన కొత్తలో అందులోని అద్దపు ముక్కలు దాదాపు 200 భూతద్దంతో లెక్కపెట్టగలిగేవాళ్ళమని దాని పక్కనే రాసుకున్నాడు. కిటికీని ఫొటో తీస్తున్నందుకు ఇంట్లోవాళ్ళు నవ్వితే ఈ సంగతి చెప్పండి, నేను చాలాసార్లు వాడుకున్నాను.

కొమ్మలు, ఆకుల విషయంలో నేను మొదట చేసిన పొరపాటు, ఫోకస్‌ని ఫోన్‌కి వదిలేయడం. అది ఎదురుగా ఉన్న ఆకుని పట్టుకుంటుంది, వెనక మనిషి మసకైపోతారు, చిన్న స్క్రీన్ మీద తెలియదు, ఇంటికొచ్చి చూసుకుంటే ఏడుపొస్తుంది. మనిషి మీద నొక్కి లాక్ చేసి తర్వాత తీయండి. ఆకులు మెత్తగా మసకగా రావాలంటే లెన్స్‌ని వాటికి జానెడు దూరంలోకి తీసుకెళ్ళాలి, ఫోన్ మెయిన్ కెమెరా వైడ్ (ఎక్కువ మేర పట్టేది) కాబట్టి రెండు మూడడుగుల దూరంలో ఉన్న కొమ్మ మసక కాదు, గీతలు గీతలుగా అడ్డొస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్ ఇక్కడ పనికిరాదు, ఆకుల అంచుల దగ్గర కత్తెరతో తప్పుగా కోసినట్టు చేస్తుంది. నాలుగు వైపులా ఆకులు ఉండాలని కూడా లేదు. ఒక పక్క, పైన ఒక మూల ఉంటే చాలు. చుట్టూ నిండా ఉంటే గ్రీటింగ్ కార్డులా అవుతుంది, నాకైతే నచ్చదు.

తలకీ గుమ్మం పైచెక్కకీ మధ్య కాస్త ఖాళీ ఉండాలి. తల సరిగ్గా చెక్కకి ఆనుకున్నట్టు వస్తే మనిషిని అందులో ఇరికించినట్టు ఉంటుంది. మీరు అరడుగు పక్కకి జరిగినా, కాస్త వంగినా ఇది సరిపోతుంది, వాళ్ళని కదపక్కర్లేదు. ఫోన్‌ని పైకి వంచి పట్టుకుంటే గుమ్మం రెండు పక్కలూ పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి, అందుకని ఛాతీ ఎత్తులో నిటారుగా పట్టుకుని, గ్రిడ్ గీతలు ఆన్ చేసి గుమ్మాన్ని వాటితో సరిచూసుకోండి. పిల్లలైతే నేల మీద కూర్చుండిపోండి. అక్కడినుంచి గుమ్మం ఆకాశమంత, పిల్ల గుప్పెడంత కనిపిస్తుంది.

గుమ్మం, కిటికీ అనే కాదు, ఇంట్లో ఫ్రేమ్‌లు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. కుర్చీ కాళ్ళు, మెట్ల కటకటాలు, ఉయ్యాల గొలుసులు, దుప్పటితో కట్టిన గుడారం, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ అమ్మ మోచేతి సందు. మా అమ్మాయి పాకే రోజుల్లో బల్ల కింది నుంచి తీసిన ఫొటో ఒకటుంది, చుట్టూ నాలుగు బల్లకాళ్ళు, మధ్యలో అది, నోట్లో నా చెప్పు. అద్దం దగ్గర మాత్రం ఒక చిక్కు ఉంది. అద్దంలో కనిపించే మనిషి అద్దం మీద లేరు, కెమెరాకి అద్దం ఎంత దూరమో, అద్దానికి మనిషి ఎంత దూరమో, రెండూ కలిపినంత దూరంలో ఉన్నట్టు లెక్క. అద్దం చట్రం మీద ఫోకస్ చేస్తే లోపలి ముఖం మసకగా వస్తుంది. ముఖం మీదే నొక్కండి. ఇంకో సుఖం ఏమిటంటే ఫొటోలు తీసేవాళ్ళు ఇంట్లో ఏ ఫొటోలోనూ ఉండరు కదా, అద్దం ఉంటే మీరూ ఒక మూల పడతారు. మూసిన కిటికీ అద్దంలోంచి తీసేటప్పుడు గదిలో లైట్లు ఆర్పి లెన్స్‌ని అద్దానికి ఆనించినంత దగ్గరగా పెడితే మీ ప్రతిబింబం పడదు.

వాళ్ళని తీసుకెళ్ళి కిటికీలో కూర్చోబెట్టి నవ్వమనడం నేను మానేశాను. ముందు ఫ్రేమ్ చూసుకుని, వెలుగు సర్దుకుని, అక్కడే ఏదో పనిలో ఉన్నట్టు నటిస్తూ ఎదురుచూస్తాను. ఎవరో ఒకరు వస్తారు, వాళ్ళ ధ్యాసలో వాళ్ళుంటారు. కానీ దీనికీ హద్దుంది. మా అమ్మాయి మొదటి అడుగులు వేసిన సాయంత్రం నేను తెలివిగా తలుపు చాటుకి వెళ్ళి గుమ్మాన్ని గ్రిడ్‌తో సరిచూసుకుంటున్నాను. అది మూడడుగులు వేసి పడిపోయింది. నా దగ్గరున్నది చాలా తిన్నగా వచ్చిన ఖాళీ గుమ్మం, అంచున ఒక పాదం. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. అలాంటప్పుడు ఏ ఫ్రేమూ వద్దు, ఎలా ఉంటే అలా నొక్కేయండి.

ప్రింట్ వేయిస్తారా? అయితే ఇది చూసుకోండి, నాకు ఎవరూ చెప్పలేదు. చాలా ఫోన్లలో ఫొటో నిష్పత్తి మామూలుగా 4:3, ప్రింట్ కాగితం 6×4 అంగుళాలైతే 3:2. నిండా వేయాలంటే పొట్టి వైపున సుమారు 11 శాతం కోసేస్తారు. అంటే పోయేది సరిగ్గా అంచులు, మన గుమ్మాలూ కొమ్మలూ ఉండేదీ అక్కడే. నావి మొదటిసారి పది ప్రింట్లు అలా గుమ్మాలు తెగి వచ్చాయి. పైగా చట్రంలో బిగిస్తే దాని అంచు ఇంకాస్త మింగుతుంది. అందుకే ఇప్పుడు ఒక అడుగు వెనక్కి వేసి ఖాళీ వదిలి తీస్తాను, ఇచ్చేముందు నేనే 3:2కి క్రాప్ చేసి ఇస్తాను, అసలు ఫొటో ముట్టుకోకుండా కాపీ మీద. ఆ సైజుకి 1800×1200 పిక్సెల్స్ ఉంటే చాలు, ఈ రోజుల్లో ఏ ఫోనైనా అంతకంటే ఎక్కువే ఇస్తుంది కాబట్టి క్రాప్ చేశామని బెంగ అక్కర్లేదు.

మీ నాన్నగారి ఫొటోకి వస్తే, ఆయన సాయంత్రాలు కూడా ఆ బాల్కనీలోనే కూర్చుంటారని రాశారు కదా, పొద్దు గుంకాక ప్రయత్నించండి. గదిలో లైటు వేసి, తలుపు రెక్క సగం తెరిచి, నాలుగైదు అడుగులు లోపలికి వచ్చి నిలబడండి. బయటి వెలుగు తగ్గుతూ తగ్గుతూ ఒక దశలో గది వెలుగుతో సమానం అవుతుంది, అప్పుడు ఆయన ముఖం, ఆకాశం నీలం, తలుపు చెక్క మూడూ ఒకే ఫొటోలో వస్తాయి. అది పది పదిహేను నిమిషాలే ఉంటుంది కాబట్టి ముందే వెళ్ళి సిద్ధంగా ఉండండి. ఫోన్‌ని తలుపు అంచుకో కుర్చీ వీపుకో ఆనించి పట్టుకోండి, వెలుగు తక్కువ కదా, చెయ్యి కదిలితే ఫొటో అలుక్కుపోతుంది. ఆయన్ని పిలవకండి, పేపరు చదువుతుంటే చదవనివ్వండి.