ఫ్లాటుకు అద్దె ఎంత పెట్టాలి?

ప్రశ్న: కూకట్‌పల్లిలో మాకు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు ఉంది. గృహరుణానికి నెలకు రూ.34,000 వాయిదా కడుతున్నాం. రూ.20,000 అద్దెకు ఉన్నవారు వచ్చే నెల ఖాళీ చేస్తున్నారు. ఈసారి రూ.28,000 అడిగితే న్యాయమేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ వాయిదాకూ అద్దెకూ సంబంధం లేదు. మీరు ఎంత అప్పు ఎన్నేళ్లకు తీసుకున్నారన్నదాన్ని బట్టి వాయిదా తేలింది. అద్దెకు వచ్చేవారు మాత్రం అదే వీధిలో అంతే విస్తీర్ణమున్న ఫ్లాటు ఎంతకు దొరుకుతోందో చూసుకున్నాకే మీ గడప తొక్కుతారు. మన నగరాల్లో ఇంటి విలువలో ఏడాది అద్దె సాధారణంగా రెండు నుంచి నాలుగు శాతానికి మించదు కనుక, అద్దెతోనే వాయిదా తీరుతుందని ఆశించకండి.

మీ అపార్ట్‌మెంటులో ఈమధ్య కొత్తగా దిగినవారు నిజంగా ఎంత కడుతున్నారో వాచ్‌మన్‌నీ, అసోసియేషన్ వారినీ అడగండి. వెబ్‌సైట్లలో కనిపించేవి యజమానులు అడుగుతున్న అద్దెలే గాని కుదిరినవి కావు. మంజీరా నీళ్లు, కారు పార్కింగ్, చెక్క అల్మారాలు ఉంటే ఆ మేరకు కొంత కలుపుకోవచ్చు.

అలా వాకబు చేస్తే రూ.22,000 తేలిందనుకుందాం. మీరు రూ.24,000కు పట్టుబట్టి ఒక నెల ఖాళీగా ఉంచితే, పదకొండు నెలలకు వచ్చేది రూ.2,64,000. వెంటనే రూ.22,000కు ఇచ్చినా పన్నెండు నెలలకు అంతే వస్తుంది. రెండో నెలా ఖాళీగా ఉంటే రూ.24,000 నష్టం, పైగా ఆ రెండు నెలల మెయింటెనెన్సు మీ చేతి నుంచే పోతుంది. నేనైతే రూ.23,000తో మొదలుపెట్టి, రెండు వారాల్లో ఎవరూ ఖాయం చేసుకోకపోతే వెయ్యి తగ్గిస్తాను.

మెయింటెనెన్సును అద్దెలో కలపకుండా, అద్దెదారే నేరుగా అసోసియేషన్‌కు కట్టేలా రాసుకోండి. కలిపితే ఆ సొమ్ము కూడా మీ అద్దె ఆదాయం కిందికి వస్తుంది, దానికి విడిగా మినహాయింపు ఉండదు. పన్ను లెక్కలో, మీరు కట్టిన ఆస్తిపన్ను తీసేయగా మిగిలిన అద్దెలో 30 శాతం, మరమ్మతులు చేయించినా చేయించకపోయినా, మినహాయిస్తారు. ఆపైన గృహరుణ వడ్డీ కూడా తగ్గుతుంది. అయితే కొత్త పన్ను విధానంలో ఉన్నవారు, వడ్డీ అద్దెను మించినప్పుడు ఆ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోలేరు. వాయిదా భారమంతా పన్ను ఆదాతో తీరుతుందని ఎవరైనా చెప్పి ఉంటే, ఏ విధానాన్ని బట్టి చెప్పారో కనుక్కోండి.

రూ.20,000 నుంచి రూ.28,000 అంటే ఒకేసారి 40 శాతం పెంపు. ఇలాంటి పరిస్థితి మళ్లీ రాకుండా, 11 నెలల ఒప్పందంలోనే తర్వాతి పెంపు ఐదు శాతమని ముందే రాసుకోండి. అడ్వాన్సు రెండు నెలలకు మించనవసరం లేదు. ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు ఎవరిదన్నదీ అందులోనే స్పష్టంగా ఉండాలి, ఎందుకంటే ఎక్కువ తగవులు అద్దె మీద కాక దాని మీదే వస్తాయి.