ఆ సంచి తీసెయ్ తమ్ముడూ

తమ్ముడూ,

కథ రెండుసార్లు చదివా. బానే పరిగెత్తించావ్ గానీ పాతకాలపు గ్రీకు నగరం ఏథెన్స్ బజార్లో నీ హీరో నడుముకున్న సంచిలోంచి గుప్పెడు వెండి నాణేలు తీసి రొట్టెలమ్మేవాడి ముందు పోస్తాడు చూడు, అక్కడ ఆగిపోయా. ఏ నాణేలురా అవి? గుడ్లగూబ బొమ్మున్న పెద్దవైతే ఒక్కోటి 17 గ్రాములు, 4 డ్రాక్మాలు, అంటే వాళ్ల చిల్లరలో 24 ఓబుల్స్. కోర్టులో జ్యూరీగా కూర్చునే ముసలాళ్లకి రోజుకి ఇచ్చేది 3 ఓబుల్స్, ఆ ఒక్క నాణెం వాళ్లకి 8 రోజుల సంపాదన. నీవాడు గుప్పెడు పోసి రొట్టె కొంటున్నాడు, హీరో కాదు పిచ్చోడు. నవ్వట్లేదులే, నేనూ కుర్రతనంలో ఏథెన్స్ నిండా బంగారు నాణేలు గలగలలాడించినవాణ్ణే.

చిల్లర ఎక్కడ పెట్టుకునేవాళ్లో తెలుసా, నోట్లో! ఓబుల్ ముప్పావు గ్రాము కూడా ఉండదు. మా నాయనమ్మ కొంగున ముడేసుకునేది, వాళ్లు బుగ్గన పెట్టుకునేవాళ్లు. గ్రీకు హాస్య నాటకాల రచయిత అరిస్టోఫనీస్ నాటకం 'కందిరీగలు', క్రీ.పూ. 422 నాటిది, అందులో జ్యూరీకెళ్లొచ్చే ముసలాయన ఇంటికి రాగానే కూతురు కాళ్లు కడిగి నాన్నా నాన్నా అని ముద్దుపెట్టే వంకతో నాలుకతో ఆ 3 ఓబుల్స్ లాగేస్తుంది. ఇంకోచోట తోటి జ్యూరీవాడు ఇద్దరికీ కలిపి వచ్చిన డ్రాక్మాని చేపల బజార్లో మార్చి ఈయనకి 3 చేప పొలుసులు ఇస్తాడు, ఈయన ఓబుల్సే అనుకుని నోట్లో వేసుకుని ఆ కంపుకి థూ అని ఉమ్మేస్తాడు. ఇంత చిన్న సీన్ నాకెందుకు తట్టలేదా అని ఇప్పటికీ కుళ్లు.

ఇంకోటి, ఆ వెండి ఎక్కణ్ణుంచి వచ్చిందో నీ కథలో ఎవడికీ పట్టలేదు. ఏథెన్స్ దగ్గరి లారియన్ గనుల్లో, మనిషి నిటారుగా నిలబడలేని సొరంగాల్లో బానిసలు తవ్వింది అది. నీసియాస్ అనే పెద్దమనిషి 1000 మందిని ఆ గనులకి అద్దెకిచ్చాడని, అద్దె తలకి రోజుకి 1 ఓబుల్ అని ఆ కాలపు గ్రీకు రచయిత జెనోఫోన్ రాశాడు. అంటే నీ హీరో బుగ్గనున్న బిళ్ల ఒక మనిషి రోజంతా నేల కింద చేసిన చాకిరీకి అద్దె, అదీ వాడి చేతికి రాదు, యజమానికే. దీన్ని లెక్చర్‌లా దంచకు, రొట్టెలు మోసుకొచ్చే కుర్రాడి అన్న ఆ గనిలో ఉన్నాడని ఒక్క ముక్క వేస్తే చాలు.

ఆ సీన్ మళ్లీ రాసి పంపు. బుగ్గన చిల్లర పెట్టుకుని బేరమాడేవాడి మాట ఎలా ముద్దగా వస్తుందో తెలియాలంటే రూపాయి బిళ్ల పెట్టుకుని చూడు, కడిగి పెట్టుకో, మింగేవ్ జాగ్రత్త.

మీ అన్న