పాటల పెట్టె: ‘టర్నింగ్ జాపనీస్’ పాడినవాళ్ళు ఏమయ్యారు?

ప్రశ్న: ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి రోజూ ‘టర్నింగ్ జాపనీస్’ అనే పాత ఇంగ్లీషు పాట పెడుతున్నాడు. ద వేపర్స్ అనే బ్రిటిష్ బృందం పాడిందట. జపాన్ వాళ్ళను వెక్కిరించే పాటేమోనని నా అనుమానం. ఇంత హుషారుగా పాడినవాళ్ళు తర్వాత ఎక్కడా వినిపించలేదెందుకు? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అనుమానంలో సగం నిజముంది. పాట మొదట్లో గిటారు మీద వచ్చే చిన్న బాణీని పాశ్చాత్యులు చైనా, జపాన్ పేర్లు రాగానే వాడి వాడి అరగదీశారు. నాకు అది మొదటినుంచీ చౌకబారుగానే అనిపిస్తుంది. సాహిత్యంలో మాత్రం జపాన్ గురించి ఏమీ లేదు. ప్రియురాలు దూరమైన కుర్రాడు ఆమె ఫొటో పెట్టుకుని ఒంటరిగా కుమిలిపోతూ, తాను తనకే తెలియని మనిషిగా మారిపోతున్నానని గోలపెడతాడు. అది ప్రేమ పాటేనని, రాసి పాడిన డేవిడ్ ఫెంటన్ చెబుతూ వచ్చాడు. జనం దానికొక బూతు అర్థం అంటగట్టారు. ఆయన కాదన్నా ఆ పుకారు పోలేదు. మీ అబ్బాయిని ఆ విషయం అడక్కండి, ఇద్దరికీ ఇబ్బంది.

ఇక బృందం సంగతి. లండన్‌కు నైరుతిగా సర్రే ప్రాంతంలో గిల్డ్‌ఫర్డ్ అనే పట్టణముంది. ఫెంటన్, గిటారు వాయించే ఎడ్వర్డ్ బాజల్జెట్, బేస్ మీద స్టీవ్ స్మిత్, డ్రమ్ములపై హోవర్డ్ స్మిత్, ఈ నలుగురిదీ అక్కడి బృందం. దగ్గర్లోని వోకింగ్ పట్టణం నుంచి వచ్చిన ద జామ్ అనే బృందానిది అప్పటికే పెద్ద పేరు. అందులో బేస్ వాయించే బ్రూస్ ఫాక్స్‌టన్ వీళ్ళ వాయింపును ఒక పబ్బులో విని ముచ్చటపడ్డాడు. తమ మేనేజరు జాన్ వెల్లర్‌తో కలిసి వీళ్ళ వ్యవహారాలు కూడా చేతిలోకి తీసుకున్నాడు. 1979లో జామ్ కచేరీలకు ముందు వీళ్ళు వాయించారు. జామ్ రికార్డులు చేసే విక్ కాపర్‌స్మిత్-హెవెన్ వీళ్ళకూ నిర్మాతగా దొరికాడు. కొత్త బృందానికి ఇంతకంటే మంచి అండ ఉంటుందా?

మొదటి సింగిల్ (విడిగా అమ్మే పాట రికార్డు) ‘ప్రిజనర్స్’ను ఎవరూ పట్టించుకోలేదు. 1980 మొదట్లో వచ్చిన రెండోది మీ అబ్బాయి వింటున్న పాట. అమ్మకాల పట్టికల్లో దానికి బ్రిటన్‌లో 3వ స్థానం, ఆస్ట్రేలియాలో ఏకంగా 1, అమెరికాలో 36. ఆ తర్వాత వీళ్ళను 44 అనే అంకె పట్టుకుంది. ‘న్యూస్ ఎట్ టెన్’ పాట 44 దగ్గర ఆగింది. మొదటి ఆల్బమ్ ‘న్యూ క్లియర్ డేస్’ బ్రిటన్‌లో 44. మరుసటి ఏడాది ‘జిమ్మీ జోన్స్’ పాట కూడా 44! జాతకాల మీద నాకు నమ్మకం లేదు కానీ, ఉన్నవాళ్ళకు ఇది మంచి సరుకు.

అసలు చిక్కు వేరే ఉంది. జనానికి కావలసింది మరో సరదా పాట. ఫెంటన్ రాసినవేమో నానాటికీ చీకటి విషయాల వైపు మళ్ళుతున్నాయి. 1978లో గయానా అడవిలో 900 మందికి పైగా ప్రాణాలు పోవడానికి కారణమైన మతగురువు జిమ్ జోన్స్ మీద రాసినదే ఆ ‘జిమ్మీ జోన్స్’. అంత ఘోరం మీద అంత హుషారైన బాణీ! రేడియోలో పెట్టేవాళ్ళకు అది మింగుడుపడకపోతే వాళ్ళను తప్పుపట్టలేను. పైగా మొదటి ఆల్బమ్ వేసిన యునైటెడ్ ఆర్టిస్ట్స్ అనే రికార్డు కంపెనీని ఈఎంఐ అనే మరో పెద్ద కంపెనీ కొనేసింది. 1981లో రెండో ఆల్బమ్ ‘మాగ్నెట్స్’ లిబర్టీ అనే వేరే కంపెనీ పేరుతో వచ్చింది. చేతులు మారిన కంపెనీకి పాత బృందం మీద ఉత్సాహం ఉండదు. ఆల్బమ్ అమ్ముడుపోలేదు, నలుగురూ ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. పేరు తెచ్చిన పాటకూ విడిపోవడానికీ మధ్య రెండేళ్ళకు మించి లేదు.

వాళ్ళేమీ రోడ్డున పడలేదు లెండి. ఫెంటన్ బృందానికి ముందే సొలిసిటర్, అంటే లాయరు. తిరిగి ఆ వృత్తిలోకే వెళ్ళి, తర్వాత మ్యుజీషియన్స్ యూనియన్‌కు న్యాయవాదిగా పనిచేశాడు. కాంట్రాక్టుల దెబ్బ తిన్నవాళ్ళ బాధ తెలిసిన లాయరు దొరకడం ఆ యూనియన్ అదృష్టం. బాజల్జెట్ టీవీ దర్శకుడయ్యాడు, 2015లో ‘డాక్టర్ హూ’ అనే బ్రిటిష్ టీవీ సీరియల్ భాగాలు తీశాడు. పందొమ్మిదో శతాబ్దంలో లండన్ మురుగు కాలువలు కట్టిన ఇంజనీరు జోసెఫ్ బాజల్జెట్ వంశం ఆయనది. ఆ పెద్దాయన మీద బీబీసీకి ఒక చిత్రం కూడా తీశాడు. మీ అబ్బాయి చదివేది సివిల్ అయితే ఈ ముక్క చెప్పండి.

ప్రశ్న: పవర్ పాప్ అంటే ఏమిటి? పంక్‌కూ దానికీ తేడా ఎలా పట్టుకోవాలి? – గిటారు నేర్చుకుంటున్న పాఠకుడు, వరంగల్

జవాబు: ఆ మాటను 1967లో ద హూ బృందానికి చెందిన పీట్ టౌన్‌షెండ్ తమ సంగీతం గురించి వాడాడు. బీటిల్స్ తరహా తీయని బాణీ, కలిసి పాడే గొంతులు, వాటి కింద గట్టిగా మోగే గిటార్లు. 1970ల మొదట్లో బ్రిటన్ నుంచి బ్యాడ్‌ఫింగర్, అమెరికా నుంచి రాస్‌బెరీస్ దీన్ని నడిపించారు. పంక్‌లో కోపం ముందుంటుంది, బాణీ దాని వెనకాల నడుస్తుంది. ఇక్కడ బాణీదే పెత్తనం. పాట అయిపోయాక పల్లవిని తప్పు లేకుండా ఈల వేయగలిగితే అది పవర్ పాప్ అనుకోండి. పండితులు ఒప్పుకోరు, నాకు మాత్రం పని జరుగుతోంది.

ప్రశ్న: వేపర్స్‌వి ఆ ఒక్క పాట కాకుండా వినదగ్గవి ఏమైనా ఉన్నాయా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఉన్నాయి. ముందు ‘న్యూస్ ఎట్ టెన్’ వినండి. ఎక్కడ తండ్రిలాగే తయారవుతానోనని భయపడే కొడుకు పాట అది. నా లెక్కలో వాళ్ళ ఉత్తమ రచన అదే, ‘టర్నింగ్ జాపనీస్’ కంటే రెండు మెట్లు పైన. తర్వాత ‘మాగ్నెట్స్’ మొత్తం వినండి. దాని అట్ట మీద జనసమూహం బొమ్మ వేసినవాడు మార్టిన్ హ్యాండ్‌ఫర్డ్. గుంపులో మనిషిని వెతికించే ‘వేర్ ఈజ్ వాలీ’ పుస్తకాలతో కొన్నేళ్ళకు ప్రపంచమంతా తెలిసినవాడు ఆయనే. అట్టను కాస్త దూరం నుంచి చూస్తే ఆ గుంపంతా ఒక కన్నులా కనిపిస్తుంది. 2016లో బృందం మళ్ళీ కచేరీలు మొదలుపెట్టి, 2020లో ‘టుగెదర్’ అనే ఆల్బమ్ తెచ్చింది. దాన్ని చివరికి ఉంచుకోండి. పాతవాటితో పరిచయం లేనివాళ్ళకు మామూలుగానే అనిపిస్తుంది.