బావమరిది తెస్తానన్న ప్రెస్సు వద్దనండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. తాతగారి నాటి .375 రైఫిల్ ఇప్పుడు నాన్నగారి పేరున లైసెన్సులో ఉంది. ఆయనకు 72 ఏళ్లు. పేల్చినప్పుడల్లా దాని తన్నుకు భుజం వాచిపోతోంది. అమెరికాలో ఉంటున్న మా బావమరిది, పేలిన తూటాల ఖాళీ గుల్లల్లో తుపాకీ మందు తగ్గించి నింపుకుంటే తన్ను తగ్గుతుందని, సంక్రాంతికి వచ్చేటప్పుడు తూటాలు నింపే చేతియంత్రం, అంటే ప్రెస్సు, దాని అచ్చులు (డైలు) తెస్తానని అంటున్నాడు. సొంత వాడకానికే కదా, తప్పవుతుందా?

జవాబు: తప్పే. సంక్రాంతి దాకా ఆగకండి, ఈ రోజే ఫోన్ చేసి తేవద్దని చెప్పండి.

అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకునేవాళ్లకు ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం, సెక్షన్ 5 ప్రకారం తూటా తయారీకి విడిగా లైసెన్సు ఉండాలి. నాన్నగారికి ఉన్నది తుపాకీ ఉంచుకునే లైసెన్సు మాత్రమే. మందు సగమే పోశామన్నా తయారీ తయారీయే. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష కనీసం 7 ఏళ్లు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ చట్టంలో 'మందుగుండు' అంటే తూటా ఒక్కటే కాదు. దాని భాగాలు, దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా అందులోకే వస్తాయి. అంటే ఒక్క తూటా నింపకపోయినా, లైసెన్సు లేకుండా ఆ ప్రెస్సు ఇంట్లో ఉంటేనే కేసు కట్టొచ్చు. దానికి 2 నుంచి 5 ఏళ్లు. విదేశం నుంచి తేవడానికీ సెక్షన్ 10 కింద లైసెన్సు కావాలి, కాబట్టి పాపం మీ బావమరిది విమానాశ్రయంలోనే ఇరుక్కుంటాడు. జ్ఞాపకంగా దాచుకున్న వట్టి గుల్లలకు సెక్షన్ 45లో కొంత రక్షణ ఉంది. పక్కన ప్రెస్సూ మందూ దొరికితే ఆ రక్షణ నిలబడదు.

మందు తగ్గితే ప్రమాదమూ తగ్గుతుందనుకోకండి. బలం చాలక గుండు గొట్టంలోనే ఆగిపోయిందని గమనించక రెండోది పేలిస్తే గొట్టం చీలుతుంది. ఎదురుగా ఉండేది మీ ముఖమే.

ఇంతకీ పేలుస్తున్నది ఎవరు? వాచేది మీ భుజమే అయితే ముందు అది ఆపండి, లైసెన్సు నాన్నగారిది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లు చేతిలో ఉన్నా వారసుడి పేరున లైసెన్సు ఇవ్వడానికి 2016 నిబంధనల్లో వీలుంది. అమలాపురం కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టుకోండి. తన్ను తగ్గడానికి, లైసెన్సున్న మరమ్మతు దుకాణంలో తుపాకీ మడమకు, అంటే భుజానికి ఆనే చివరకు, రబ్బరు ప్యాడ్ వేయించండి. ఇక వద్దనుకుంటే అమ్మేయొచ్చు, అయితే ముందు కలెక్టరుకో పోలీసు స్టేషనుకో రాసి ఇచ్చి 45 రోజులు ఆగాలి.

ఒకవేళ ఇప్పటికే ఒకటి రెండు నింపి ఉంటే పేల్చి చూడొద్దు, భయపడి కాలవలో పారేయొద్దు. వాటిని ముట్టుకోకుండా ముందు వకీలును కలవండి.